నున్నటి సీసా మీద గీతలు

నేను దయ్యాలను నమ్మను. ఇప్పటికీ నమ్మడం లేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా పని. మళ్లీ చేసి చూపించలేనిదాన్ని నిజమని రాసే అలవాటు నాకు లేదు. ఇది మాత్రం ఒక్కసారే జరిగింది.

మియాపూర్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటాం. పాత మందుల షాపుల గాజు సీసాలు సేకరిస్తాను, అక్షరాలు గాజులోనే ఉబ్బెత్తుగా పోతపోసినవి. బోరబండ పాత సామాన్ల కొట్టులో ఒక నీలం సీసా దొరికింది. విషం పోసి ఉంచే సీసా అది. ఒంటి నిండా ఉబ్బెత్తుగా, పదునుగా నిలువు గీతలు. చీకట్లో పట్టుకున్నా ఇది తాగే మందు కాదని వేళ్లకు తెలియాలని అప్పట్లో అలా చేసేవారు.

నా భార్య స్వప్నది సిద్దిపేట. "మనుషులకే జాగ లేదు, నీ సీసాలకు అల్మారా గావాల్నా?" అనేది. పాప చెయ్యి పెడుతుందని ఆ అల్మారాకు తాళం వేసేవాణ్ణి.

ఇది జరిగిన వారం ఆఫీసులో కొత్త వెర్షన్ రిలీజ్. సరిగా నిద్ర లేదు. జలుబుతో ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. ఒక మధ్యాహ్నం ఇంట్లోంచే ఆఫీసు కాల్‌లో ఉండగా మూడేళ్ల పాప దగ్గుతూ వచ్చింది. వంటింటి అరలోంచి దగ్గు సిరప్ తీశాను. లేబుల్ చదివాను, అదే మందు. పాప నోరు తెరిచి నిలబడింది.

మూత తిప్పుతుంటే అరచేతికి నిలువు గీతలు గుచ్చుకున్నాయి. నీలం సీసా గీతలే. అనుమానం లేదు. ఉలిక్కిపడి వదిలేశాను. సీసా కిందపడి, మూత ఊడి ఒలికిపోయింది.

స్వప్న పడకగదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "థిన్నర్ వాసనేంది? పాపకేం తాపినవ్?"

"ఇంకా ఏం పట్టలేదు. దగ్గు మందే కదా?"

"కాదు! గ్రిల్లుకు రంగేసిన అన్న థిన్నర్ పోస్కోనీకి అడిగితే ఈ ఖాళీ మందు సీసా నేనే ఇచ్చిన. మిగిలింది ఈడ వెట్టి పోయిండా!"

పాపను ఎత్తుకుని దూరంగా తీసుకెళ్లింది. పాపేమో మందు కావాలని ఏడుపు.

సీసా తీసి చూశాను. గుండ్రటి ప్లాస్టిక్ సీసా, నున్నగా ఉంది. నీలం సీసా తాళం వేసిన అల్మారాలోనే ఉంది. వాసనకు ఆగాననుకుందామంటే, నాకు ఏ వాసనా తెలియడం లేదు.

అలసటలో భ్రమపడ్డావన్నాడు ఆఫీసు స్నేహితుడు. కావచ్చు. కానీ ఆ భ్రమ సరిగ్గా ఆ క్షణంలోనే ఎందుకు కలగాలి? తర్వాత అలాంటి నున్నటి మందు సీసాలు ఎన్నోసార్లు పట్టుకుని చూశాను. గీతలేవీ తగల్లేదు.

పాప దగ్గు తగ్గిపోయింది. నేను మాత్రం ఇప్పుడు ఏ మందైనా లేబుల్ చదివాక, మూత తిప్పే ముందు, కళ్లు మూసుకుని సీసాను ఒకసారి గట్టిగా పట్టుకుంటాను.