రెండు ఫోటోల తాటిచెట్టు

కోరుట్ల బస్టాండు దగ్గర జలపతికి చిన్న ఫోటో స్టూడియో ఉంది. ఊరంతా ఫోన్లలో ఫోటోలు దిగుతున్నా ఆయన రీలు కెమెరాలు వదల్లేదు. అవి రెండున్నాయి. ఒకదాంట్లో చదరపు ఫోటోలు పడతాయి, రీలుకు పన్నెండు. రెండోదాంట్లో అడ్డంగా పొడుగు ఫోటోలు, రీలుకు పదిహేను. ఏది మేలని అడిగితే ఆయన గంటసేపు చెప్పేవాడు. ఏదీ తేల్చేవాడు కాదు.

ఒకరోజు ఎల్లారెడ్డిపేట నుంచి మామ కిష్టయ్య ఫోన్ చేశాడు. ఆయన యాభై ఏళ్లు కల్లు గీసిన తాటిచెట్టును రోడ్డు వెడల్పు కోసం కొట్టేస్తున్నారట.

"అల్లుడా, చెట్టుతోని మా ఇద్దరి ఫోటో తియ్యాలె. ఫోన్ల మాత్రం వద్దు. మొన్న ఫోన్ నీళ్లల్ల పడితే ఫోటోలన్నీ పాయె."

స్టూడియోలో ఒక్కటే రీలు మిగిలింది. దాన్ని ఏ కెమెరాలో వెయ్యాలో తేలక జలపతి రెండింటినీ బస్సెక్కించాడు.

అత్త ఎల్లవ్వ పట్టుచీర కట్టుకుని చెట్టు కింద సిద్ధంగా ఉంది. జలపతి ముందు పొడుగు ఫోటోల కెమెరా తీశాడు. చెట్టు నిలువుగా పడాలంటే కెమెరాను పక్కకు తిప్పాలి. తిప్పితే, పైనుంచి తొంగి చూసే అద్దం కూడా పక్కకు తిరిగింది. ఆయనా తిరిగి, మెడ వంచాడు.

"మా దిక్కు సూడకుంట మా ఫోటో ఎట్ల తీస్తవ్ అల్లుడా?"

"సూస్తున్న అత్తమ్మా. అద్దంల తలకిందులు కనవడుతున్నరు."

"ఇగో, మమ్ముల తలకిందులు జేసిండట!"

చెట్టు కొస పట్టాలని జలపతి వెనక్కి నడిచి నడిచి పొలం గట్టు దాటాడు. చెట్టు పట్టింది గానీ మనుషులు చీమలయ్యారు. ఆ మాట అరిచి చెప్పగానే ఎల్లవ్వకు కోపం వచ్చింది.

"చీమ లెక్క కనవడేటందుకా గీ చీర కట్టుకున్నది?"

చదరపు కెమెరాతో దగ్గరికి వచ్చి చూశాడు. మొఖాలు బాగున్నాయి, చెట్టు తల తెగింది.

"తల లేని చెట్టెందుకు? కల్లు పారేది ఆడనే గద!" అన్నాడు కిష్టయ్య.

జలపతి ఖాళీ కెమెరాల మధ్య, చేతిలో రీలుతో అరగంట కూర్చున్నాడు. ఎండ ముదిరింది. ఎల్లవ్వ నిలబడలేక కూర్చుంది. ఆఖరికి ఆయన రీలును చదరపు కెమెరాలో వేశాడు.

"మామా, కింద మీరిద్దరు ఒక ఫోటో. పైన చెట్టు తల ఒక ఫోటో. ఒకదాని మీద ఒకటి పెడితే చెట్టు నిలబడుతది."

పెద్దవి చేసి అద్దాలు కట్టించిన ఫోటోలు వచ్చాయి. కింది ఫోటోలో, చెట్టు మొదలు దగ్గర ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుతున్నారు. ఇంటి గోడ పొట్టిది కావడంతో కింది ఫోటో మోకాళ్ల ఎత్తులో తగిలించాల్సి వచ్చింది. చూడవచ్చిన ప్రతివాళ్లనూ కిష్టయ్య ముందు కూర్చోమంటాడు, తర్వాత లేవమంటాడు.

"మీదున్న ఫోటోల మనుషులే లేరు. అదెందుకు?" అంది ఒకసారి ఎల్లవ్వ.

"యాభై ఏండ్లు నేనున్నది అండ్లనే గదనే," అన్నాడు కిష్టయ్య.

ఎల్లవ్వ కొంగుతో పై ఫోటో అద్దం తుడిచింది.