మంచుగ్లాసులో అక్టోబరు బీరు

1996 ఆగస్టు చివర్లో నన్ను దోహాలో, వెస్ట్ బేలోని ఒక పెద్ద హోటల్‌కు అసిస్టెంట్ బెవరేజ్ మేనేజరుగా వేశారు. హోదా పేరు పొడుగ్గా ఉన్నా పని మాత్రం సూటిగానే ఉంటుంది. కాఫీ గింజల దగ్గర నుంచి బీరు పీపాల దాకా హోటల్లో తాగడానికి వచ్చే ప్రతిదాన్నీ తెప్పించాలి, రుచి చూడాలి, సరిగ్గా నిల్వ చేయించాలి, బాగాలేనిది గ్లాసులోకి పోకుండా ఆపాలి. ఖతర్‌లో మద్యం లైసెన్సున్న హోటళ్ళలోనే, అదీ విదేశీయులకే పోస్తారు. మా నాన్నగారు నరసాపురం దగ్గర ఒక చర్చిలో సంఘపెద్ద. ఆయనతో మాట్లాడేటప్పుడు నా ఉద్యోగం పేరు 'హోటల్ స్టోర్స్'. అంతకుమించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఏటా అక్టోబరు మొదటివారంలో హోటల్ వెనక పచ్చికలో బీరు పండగ జరిగేది. గ్యాస్ కంపెనీల్లో పనిచేసే యూరపు ఇంజనీర్లు కుటుంబాలతో వచ్చేవారు. దానికోసం శరత్కాలపు బీర్లని ప్రత్యేకంగా తెప్పించేవాళ్ళం. ఈ బీర్ల సంగతి కొంచెం చెప్పాలి. జర్మనీలో పాతరోజుల్లో వేసవిలో బీరు కాస్తే చెడిపోయేదట. అందుకని మార్చి నెలలోనే కొంచెం గట్టిగా కాచి, కొండగుహల్లో మంచుగడ్డల మధ్య వేసవంతా దాచి, చలిగాలి మొదలయ్యాక బయటికి తీసేవారు. తేనెరంగు, కాల్చిన రొట్టె వాసన, నాలుక మీద కాస్త తీపి, చివర్లో చేదు. వేసవంతా చల్లగా ఉండటమే ఆ బీరు పుట్టుక. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, నా కోపం ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఆ ఏడు నాలుగు రకాలు తెప్పించాం. తేనెరంగుది ఒకటి, దానికంటే పలచటి రంగులో ఉండే కొత్తరకం ఒకటి, ఇంగ్లండు నుంచి ఒక గోధుమరంగుది, నల్లటిది ఒకటి. ఒక్కోటీ సీసాల్లోనూ, కెగ్గుల్లోనూ వచ్చింది. కెగ్గు అంటే కుళాయికి తగిలించే స్టీలు పీపా. సెప్టెంబరులో కంటైనర్ దిగేసరికి మా కోల్డ్ రూమ్‌లో కాలు పెట్టే చోటు లేదు. హోటల్లో ఒక పెద్ద పెళ్ళి. ఫుడ్ అండ్ బెవరేజ్ మేనేజరు గ్రెగరీ కోల్డ్ రూమ్ సగానికి పైగా పూలకీ, కేకులకీ ఇచ్చేశాడు. మిగిలిన చోటులో రోజువారీ బీరు ఉంది. కొత్త సరుకు వెనక యార్డులో రేకుల షెడ్డు కింద పెట్టమన్నాడు. దోహాలో సెప్టెంబరంటే ఏమిటో అక్కడ బతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రేకు ముట్టుకుంటే చెయ్యి కాలేది.

సెల్లార్ అటెండెంట్ రాజయ్య నా దగ్గరికి వచ్చాడు. కరీంనగర్ జిల్లా మనిషి, నాకంటే ఓ పదేళ్ళు పెద్ద. పీపాలు మార్చడం, కుళాయిలకు బీరు తెచ్చే పైపుల్ని కడగడం అతని పని. ఆ పైపుల్ని మేం లైన్లు అంటాం. వాటిలో మురికి పేరుకుంటే ఎంత మంచి బీరైనా పుల్లబడుతుంది, అందుకే వారం వారం మందునీళ్ళు పోసి నానబెట్టి, శుభ్రమైన నీళ్ళు వచ్చేదాకా కడగాలి.

"సారూ, ఎండల పెడితే కల్లే పులుస్తది, గివి ఎట్లాగుతయి? ఏడన్న నీడల పెట్టనియ్యుండ్రి" అన్నాడు.

నేను గ్రెగరీ దగ్గరికి వెళ్ళి అడిగాను. ఎండలో ఉంచితే ఈ సరుకు పండగకి పనికిరాదన్నాను. బీరు ఓడలో అన్ని సముద్రాలు దాటి వచ్చింది, రేకు కింద నాలుగు రోజులుంటే చచ్చిపోదులే అన్నాడు. నాలుగు రోజులు పెళ్ళి అయ్యేదాకా సాగాయి. రాజయ్య తన సొంత బుద్ధితో తడి గోనెపట్టాలు తెచ్చి పీపాల మీద కప్పేవాడు. యార్డు చూట్టానికి అసహ్యంగా ఉందని గ్రెగరీ వాటిని తీయించాడు.

పెళ్ళయ్యాక సరుకు లోపలికి చేరింది. పండగకి ఏది ప్రధానంగా పెట్టాలో తేల్చడానికి రుచి పరీక్ష జరిగింది. దానికో పద్ధతి ఉంది. బీరు పేరు కనపడకూడదు. అన్నీ ఒకేరకం గ్లాసుల్లో, కింద అంకె రాసి పెడతారు. ముందు వెలుతురుకి పట్టి రంగు చూడాలి, తర్వాత వాసన, తర్వాత ఓ గుక్క. ద్రాక్షసారాలాగా ఉమ్మేయకూడదు, మింగాలి, ఎందుకంటే చేదు తెలిసేది గొంతు మొదట్లో. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య నీళ్ళూ, ఉప్పులేని రొట్టె ముక్కా. ఆ గదిలోకి అత్తరు పూసుకొని రాకూడదు, సిగరెట్ సంగతి సరేసరి. అన్నిటికంటే ముఖ్యం, బీరు మరీ చల్లగా ఉండకూడదు. మంచు నాలుకని మొద్దుబారుస్తుంది. జలుబు చేసినవాడి చేత పులుసు రుచి చూపిస్తే ఏం చెబుతాడు?

గ్రెగరీ ఏం చేశాడంటే, గ్లాసుల్ని ఫ్రీజర్‌లో పెట్టించాడు. గ్లాసు బయటా లోపలా తెల్లగా మంచు. కాసేపు ఆగుదాం, వేడి తగలనిద్దాం అన్నాను. దోహాలో వెచ్చటి బీరు ఎవడు తాగుతాడయ్యా అని నవ్వాడు. చెఫ్ కూడా నవ్వాడు. నా పరీక్ష కాగితం మీద 'ఇంత చలిలో తీర్పు ఇవ్వలేను' అని రాసి సంతకం పెట్టాను. మిగతావాళ్ళంతా తేనెరంగుదానికి ఓటేశారు. చల్లగా ఉంది, హాయిగా ఉందన్నారు. అది రుచి చూడటమట!

పండగ మొదటి సాయంత్రం బల్లలు పచ్చికలో వేశారు. ఆరుబయట గాలికి గ్లాసులు తొందరగానే వేడెక్కాయి. మంచు దిగేసరికి బీరు తన అసలు రంగు బయటపెట్టింది. ఒక జర్మన్ ఇంజనీరు సగం తాగి గ్లాసు నా చేతికిచ్చి, వాసన చూడమన్నాడు. తడిసిన అట్టపెట్టె వాసన. ఎండదెబ్బ తిన్న బీరుకే ఆ వాసన వస్తుంది. మురికి లైన్ల బీరుకైతే పులుపు వస్తుంది, లేకపోతే వెన్న మాడిన వాసన వస్తుంది. ఈ రెండింటికీ తేడా ఈ వృత్తిలో మొదటి ఏడాది కుర్రాడు కూడా చెబుతాడు. గ్రెగరీకి తెలియదని నేను ఎలా నమ్మను?

మర్నాడు బ్రీఫింగ్. డ్యూటీ ఎక్కేముందు సిబ్బందినంతా వరుసగా నిలబెట్టి, గోళ్ళూ బూట్లూ చూసి, ఆరోజు సంగతులు చెప్పే సమావేశం అది. గ్రెగరీ వచ్చి, అందరి ముందూ రాజయ్య వైపు వేలు చూపించాడు. ఈ మనిషి లైన్లు కడగలేదు, ఇతని మురికివల్ల హోటల్ పరువు పోయింది, వీసా కాన్సిల్ చేసి పంపిస్తున్నాం అన్నాడు. రాజయ్యకి ఇంగ్లీషు రాదు. పక్కనున్న మలయాళీ కుర్రాడు హిందీలో చెప్పాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారే, అది అక్షరాలా నా కళ్ళముందు జరిగింది.

సెల్లార్‌లోకి వెళ్ళాను. రాజయ్య పీపాల మధ్య స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇంటికి పోతే ఏం జెప్పాలె సారూ?" అన్నాడు. "మునుపు బాగ తాగెటోన్ని. వేములాడ రాజన్నకు మొక్కి బంద్ చేసిన. నా పెండ్లాం నమ్మి తోలింది. ఇప్పుడు పంపిస్తే ఊర్లె ఏమంటరు? ఏ దేశమైన మావోల్లకు దుబాయే. దుబాయ్‌ల బారుల ఉన్నడు, తాగి లొల్లి చేసిండు, గెదిమిండ్రు అంటరు. ఆమె గూడ గట్లనే అనుకుంటది."

"నువ్వు లైన్లు కడిగావా రాజయ్యా?"

"నీళ్ళు తేటగ వచ్చేదాంక కడిగిన. మీరు చూసిన్రు గద."

చూశాను. ఆ ముందువారం కడిగిన నీళ్ళు పట్టి తనిఖీ చేసింది నేనే. ఇక మాటలతో గ్రెగరీతో వాదించి లాభం లేదని తెలుసు, ఆయన నా పైఅధికారి. అయితే మా హోటల్లో ఒక ఆచారం ఉంది. కొత్త పానీయం ఏది పెట్టినా బ్రీఫింగ్‌లో సిబ్బందికి తలో గుక్క ఇస్తారు, అతిథి అడిగితే రుచి ఎలా ఉంటుందో చెప్పగలగాలి కదా. తాగని వాళ్ళు వాసన చూస్తారు. అది ఏర్పాటు చేయడం నా విధుల్లోనే ఉంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పండగ రోజుల్లో జనరల్ మేనేజరు కూడా బ్రీఫింగ్‌కి వచ్చేవాడు. ఆయన లెబనాన్ మనిషి, తక్కువ మాట్లాడేవాడు.

మర్నాడు మూడు ట్రేలు పెట్టాను. మొదటిదాంట్లో కుళాయి నుంచి పట్టిన తేనెరంగు బీరు. రెండోదాంట్లో అదే బీరు, సీసాలోంచి పోసింది. సీసా ఏ పైపులోంచీ రాదు. మూడోదాంట్లో మా రోజువారీ బీరు, అది ఎప్పుడూ కోల్డ్ రూమ్ దాటలేదు. ఆ పూట దాన్ని రాజయ్య కడిగిన అదే లైన్‌కి తగిలించి, అదే కుళాయి నుంచి పట్టాను. మూడిటినీ ముందే పోసి గది వేడికి వచ్చేదాకా ఉంచాను. ఏది ఏదో అందరికీ చెప్పాను.

గ్రెగరీ ఇదేమిటని అడిగాడు. శరత్కాలపు బీర్ల రుచి పోలిక, పండగకి ముందే చేయాల్సింది అన్నాను.

వరుసలో మొదటున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒకటోది వాసన చూసి "కార్టన్ సార్" అంది, అట్టపెట్టె అని. రెండోది చూసి "సేమ్ కార్టన్" అంది. మూడోది తాగి, ఇది బాగుందంది. వరుస చివరిదాకా అందరిదీ అదే మాట. జనరల్ మేనేజరు మూడూ తనే రుచి చూశాడు. మూతి తుడుచుకొని, ఈ సరుకు ఎక్కడ ఉంచారు అని అడిగాడు. యార్డులో, రేకుల కింద, పెళ్ళి అయ్యేదాకా అన్నాను. ఎవరు ఉంచమన్నారని ఆయన అడగలేదు. గ్రెగరీ ముఖం చూశాడంతే. ఎండలో ఉన్న సరుకంతా తీసేయమన్నాడు, రాజయ్య వీసా కాన్సిల్ చేయడం ఆపమన్నాడు, వెళ్ళిపోయాడు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రాజయ్య మాత్రం వరుసలోంచి ఒకడుగు ముందుకు వేశాడు. తనకొచ్చిన హిందీలో గ్రెగరీతో అన్నాడు:

"సాబ్, కల్ సబ్ కే సామ్నే బోలా. ఆజ్ భీ సబ్ కే సామ్నే బోలో."

నిన్న అందరి ముందూ అన్నావు, ఇవాళ కూడా అందరి ముందే అను అని. మలయాళీ కుర్రాడు దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. గ్రెగరీ విన్నాడు. తన చేతిగడియారం చూసుకున్నాడు. "యల్లా, డ్యూటీ" అని, పదండి పదండంటూ చప్పట్లు కొట్టి తలుపు వైపు నడిచాడు.

నేను ఉండబట్టలేకపోయాను. తలుపు దగ్గర అతను ఉండగానే గట్టిగా చెప్పాను. నిన్న రాజయ్య మీద వేసిన మాట అబద్ధం, లైన్లు శుభ్రంగా ఉన్నాయి, నీళ్ళు నేనే చూశాను, బీరుని ఎండలో పెట్టించింది రాజయ్య కాదు అన్నాను. గ్రెగరీ వెనక్కి తిరగలేదు. ఆ తర్వాత నాకు రావాల్సిన పదోన్నతి రాలేదు. ఎందుకు రాలేదని నేనూ అడగలేదు.

సాయంత్రం సెల్లార్‌లో రాజయ్యకి నౌకరీ ఎక్కడికీ పోదని చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను, నిజం చెప్పొద్దూ.

"మీరు మంచిగనే చెప్పిన్రు సారూ. కని మీరు అనలేదు గద నన్ను. అన్నోని నోట కావాలె నాకు" అన్నాడు. పీపా మూత బిగించే పనిలో పడ్డాడు.

ఆ రోజు నుంచి గ్రెగరీ సెల్లార్‌లోకి దిగితే రాజయ్య సలాం కొట్టడం మానేశాడు. పని అడిగితే చేసేవాడు, మాట అడిగితే జవాబు చెప్పేవాడు, చెయ్యి మాత్రం నుదుటికి లేచేది కాదు. మొదట్లో గ్రెగరీ ఆగి చూసేవాడు. తర్వాత తర్వాత సెల్లార్‌కి రావడమే తగ్గించుకున్నాడు. మరుసటేడు అతని కాంట్రాక్టు అయిపోయింది. వీడ్కోలు రోజున లాబీలో అందరం వరుసగా నిలబడితే ఒక్కొక్కరితో చెయ్యి కలుపుతూ వచ్చాడు. నా దగ్గర ఆగి, సెల్లార్ మనిషి ఎక్కడ, పిలిపిస్తావా అన్నాడు. చెప్పాల్సిందేమైనా ఉంటే పిలుస్తానన్నాను. లేదన్నాడు. అలాగైతే అతనికి పనుంది, లైన్లు కడుగుతున్నాడన్నాను.

ఆ తర్వాత నేను ఇంకో మూడు హోటళ్ళలో పనిచేశాను. రుచి పరీక్ష గదిలోకి ఫ్రీజర్ గ్లాసుని రానివ్వలేదు. బీరు మీద ఫిర్యాదు వస్తే, ఆ సరుకు ఏ రోజు ఎక్కడ ఉందో తెలిసేదాకా ఏ పనివాడి పేరూ బ్రీఫింగ్‌లో ఎత్తనివ్వలేదు. ఇక రాజయ్య అడిగింది ఎవరూ ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేకపోయాను. నింద వేసినవాడి బదులు ఇంకెవరు క్షమాపణ చెప్పినా చెల్లదని నాకు అతని దగ్గరే తెలిసింది. ఆ కోపం నాకు ఈనాటికీ ఉంది. తగ్గించుకోవాల్సిన అవసరం కనపడలేదు.