మా జాడీ మీదే అనుకోండి

రాజమహేంద్రవరంలో కూర్చుని మలేషియా కంపెనీ మెడలు వంచినవాడు మా వీధి మొత్తానికి ఒక్కడే ఉన్నాడని, ఆ ఒక్కడూ నేనేనని గోదావరి గట్టు మీద సాయంత్రాలు చేరే మిత్రులకు చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా ఆ కంపెనీ కొంచెం పెరుగుతూ ఉంటుంది. మొదట్లో అదొక దుకాణం. తర్వాత దుకాణాల వరుస అయింది. మొన్న చెప్పినప్పుడు దానికి రెండు ఓడలు కూడా వచ్చాయి. రాయడమంటే అలా కుదరదు, అచ్చయ్యాక మా ఆవిడ చదువుతుంది. కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. అది కంపెనీ కాదు, ఒక కిరాణా వ్యాపారి. ఓడలు లేవు. మెడలు వంచింది నేను కాదు. అసలు ఆ తగువు తెచ్చిపెట్టిందే నా నోరు.

మా ఆవిడ మాగాయ పెడుతుంది. ఒకప్పుడు చుట్టాలకీ, చర్చిలో తెలిసినవాళ్లకీ పంచిపెట్టేది. నేను లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక ఇద్దరం దాన్ని వ్యాపారం చేశాం. ఇద్దరం అన్నానా? ఆమె చేసింది. నేను సీసాలకు లేబుళ్లు అంటించాను.

లేబులు మీద బొమ్మ ఒక జాడీ. మూతికి గుడ్డ వాసెన కట్టి ఉంటుంది, ముడి కొసలు రెండూ కుందేలు చెవుల్లా నిక్కి ఉంటాయి. జాడీ కాస్త ఎడమవైపుకి ఒరిగి ఉంటుంది. ఆ ఒరగడంలో నా కళాదృష్టి ఉందని చాలామందిని నమ్మించాను. నిజానికి ఆ బొమ్మ గీసింది మా ఆవిడే. ఒక చేత్తో పోపు కలుపుతూ రెండో చేత్తో గీసింది, అందుకే ఒరిగింది. ప్రెస్సువాళ్లు నిలబెట్టి వేస్తామంటే ఒప్పుకోలేదు. పొయ్యి దగ్గర పుట్టిన బొమ్మ పొయ్యి దగ్గర పుట్టినట్టే ఉండాలంది. ఆ బొమ్మను మన దేశంలో ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించిందీ ఆమే.

కౌలాలంపూర్‌లో దుకాణం ఉన్న ఒక తెలుగాయన మా మాగాయ తెప్పించుకుని అమ్మేవాడు. ఆయన తాతల నాడే ఇక్కణ్ణుంచి వెళ్లిపోయారట. ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి ఆయన మా గుమ్మంలో ఉన్నాడు. చేతిలో ఫోను, దుకాణం ప్రచారానికని వీడియో తీస్తున్నాడు. ఇల్లు బావుందన్నాడు. మీదే అనుకోండి అన్నాను. స్కూటరు ముచ్చటగా ఉందన్నాడు. అదీ మీదే అనుకోండి అన్నాను. గోడవతల మామిడి చెట్టు విరగకాసిందన్నాడు. అదీ మీదే అనుకోమన్నాను. ఆ చెట్టు పక్కింటివాళ్లది.

మా గోదావరి జిల్లాల్లో ఎవరైనా మన వస్తువును మెచ్చుకుంటే ఆ మాట అనకపోవడం పెద్ద అమర్యాద. విన్నవాళ్లు దానికి, మీ దగ్గరుంటే మా దగ్గరున్నట్టేనండి, అని జవాబు చెబుతారు. అంతటితో ఇచ్చిందీ లేదు, పుచ్చుకుందీ లేదు, ఇద్దరి పరువూ నిలబడుతుంది. భోజనాలయ్యాక ఆయన వీడియో తీస్తూనే మా జాడీ బొమ్మను మెచ్చుకున్నాడు. నేను లేబుళ్ల కాగితం ఒకటి ఆయన చేతిలో పెట్టి, ఈ జాడీ కూడా మీదే అనుకోండి అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. నవ్వి, ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి ఆర్డర్లు ఆగిపోయాయి. కొన్నాళ్లకు అక్కడ నర్సుగా చేస్తున్న మా చర్చి అమ్మాయి ఫోను చేసి, ఈమధ్య మాగాయలో బెల్లం వేస్తున్నారా ఆంటీ, అని అడిగింది. మా ఆవిడ బిత్తరపోయింది. ఆ అమ్మాయి సీసా ఫొటో పంపింది. అదే జాడీ, అవే కుందేలు చెవులు. జాడీ మాత్రం నిటారుగా నిలబడి ఉంది.

మా ఆవిడ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూసింది. "నా జాడీని సరిచేశాడండీ," అంది. బెల్లం కన్నా ఆమెకు అదే ఎక్కువ బాధ.

మా ఊళ్లోనే దానవాయిపేటలో ట్రేడ్‌మార్కుల పని చూసే అమ్మాయి నా దగ్గర చదువుకుంది. కంప్యూటర్లో వెతికి చూసింది. మా జాడీని తన పేరున రిజిస్టరు చేయమని ఆయన అక్కడ దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇంకా ఇవ్వలేదు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని ప్రకటించారు.

"మన రిజిస్ట్రేషను మన దేశం వరకేనండి మాస్టారు. ఏ దేశం మార్కు ఆ దేశంలో మళ్లీ తీసుకోవాలి. గడువు దాటితే ఈ జాడీ అక్కడ ఆయనదే. అప్పుడు మనం మాగాయ పంపితే దొంగ సరుకు మనదవుతుంది," అంది.

ముందు నుంచీ ఆ బొమ్మతో అక్కడ అమ్ముడైంది మన సరుకేనని చూపించగలిగితే మనకు బలం ఉంటుందని కూడా చెప్పింది. అక్కడి లాయరు ఒకరి ద్వారా అభ్యంతరం వేయించింది. నేను గట్టు మీద విజయం ప్రకటించేశాను. కొంచెం తొందరపడ్డాను.

ఆయన జవాబుతోపాటు ఒక వీడియో ముక్క జతచేశాడు. ఆ అమ్మాయి ఆఫీసులో దాన్ని పెట్టగానే నా గొంతు ఖంగుమంది. ఈ జాడీ కూడా మీదే అనుకోండి. యజమానులే మనస్ఫూర్తిగా ఇచ్చారు, ఇదిగో సాక్ష్యం, అని ఆయన వాదన. ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టేసింది. మా ఆవిడ నా వైపు చూడలేదు. ఆవిడ చూసి తిడితే తట్టుకోగలను, చూడకపోతే తట్టుకోలేను.

ఆవిడ ఆ అమ్మాయి వైపు తిరిగింది. "జాడీ కూడా అన్నారు కదమ్మా. 'కూడా' ముందు ఏమేం ఉన్నాయో మొత్తం వీడియో చూడాలి."

మొత్తం వీడియో ఆయన దుకాణం పేజీలోనే దొరికింది, ప్రచారానికి పెట్టుకున్నాడు. ఇల్లు, స్కూటరు, మామిడి చెట్టు వరుసగా ఇచ్చేస్తూ మహారాజులా ఉన్నాను.

"జాడీ ఆయనదైతే ఇల్లూ ఆయనదే కదమ్మా. మరి ఇంటికెందుకు దరఖాస్తు పెట్టలేదో అడుగు," అంది మా ఆవిడ. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక పెన్ను మళ్లీ తీసింది.

అక్కణ్ణుంచి ప్రమాణ పత్రాలు మొదలయ్యాయి. మా కింది వాటాలో ఉంటున్న బట్టల కొట్టాయన, చేరిన రోజే మాస్టారు ఈ ఇల్లు మీదే అనుకోండన్నారు, ప్రతి నెలా అద్దె మాత్రం తీసుకుంటూనే ఉన్నారు, అని సంతకం పెట్టాడు. పక్కింటాయన చెట్టు తనదని రాసిచ్చాడు. మా పాస్టరు గారు, మాస్టారు ఒకసారి మా కారు మీదే అనుకోండన్నారు, వారికి కారు లేదు, అని రాశారు. జీవితంలో అంతమంది నా గురించి నిజం రాయడం అదే మొదలు.

వీటిని ఇంగ్లీషులోకి మార్చాలి. సముద్రం దాటి పోరాడానని నేను చెప్పేది ఈ ఘట్టం గురించే. దాటింది గోదావరిని, అదీ బ్రిడ్జి మీద బస్సులో. కొవ్వూరులో రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు గారు ఆ మాటను ఎన్ని రకాలుగా మార్చినా అది దానపత్రంలాగే వచ్చింది. చివరికి కింద ఒక పేజీ వివరణ రాశారు. ఆ మాట అనడం మాకు మర్యాదనీ, దానికి ఫలానా జవాబు చెప్పడం ఎదుటివారి మర్యాదనీ, ఎవరూ ఏదీ పట్టుకుపోరనీ అందులో ఉంది, జవాబు మాత్రం తెలుగు మాటల్లోనే.

ఆ కాగితాలు వెళ్లాక ఆయన దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత మా ఆవిడకు ఫోను చేశాడు. నిజంగానే ఇచ్చారనుకున్నానమ్మా అన్నాడు. సగం నమ్మి ఉంటాడు, మిగతా సగం నమ్మితే లాభమని నమ్మి ఉంటాడు. నేనూ ఆ రకమే కాబట్టి నాకు కోపం నిలవలేదు. మా జాడీ మలేషియాలో మా ఆవిడ పేరున రిజిస్టరయింది, ఎడమకి ఒరిగే. వాడుతూ ఉండాలనీ, గడువుకి రెన్యూ చేయించుకోవాలనీ, అలాంటి బొమ్మ ఇంకెవరైనా పెడుతున్నారేమో కనిపెట్టుకుని ఉండాలనీ ఆ అమ్మాయి చెప్పింది. ఆ మాట ఇంకెప్పుడూ ఎవరితోనూ అనొద్దని నాకు విడిగా చెప్పింది.

బెల్లం లేని మాగాయే, ఒరిగిన జాడీతోనే అమ్మాలన్న ఒప్పందం మీద ఆయనకు మళ్లీ సరుకు పంపుతున్నాం. ఈమధ్య ఆయన మళ్లీ మా ఇంటికొచ్చాడు. భోజనం చేస్తూ అలమర పైనున్న అసలు జాడీని చూసి, ఎంత బావుందండీ అన్నాడు. నేను పళ్లు బిగించుకుని కూర్చున్నాను. ఆ అమర్యాద మా ఆవిడ భరించలేకపోయింది.

"మీదే అనుకోండి బాబూ," అంది.

ఆయన ముద్ద కలపడం ఆపాడు. "మీ దగ్గరుంటే మా దగ్గరున్నట్టేనండి అమ్మా," అన్నాడు.

ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఈ ముక్క అని అడిగాను. మీరు పంపిన కాగితాల్లోనే ఉందండి, కింద వివరణలో, అన్నాడు.

ఆ జవాబును ఆ వివరణలో రాయించింది నేనేనని ఆ సాయంత్రం గట్టు మీద చెప్పాను. రాయించింది మా ఆవిడ. నేను ఆ రోజు లెక్చరరు గారి కొత్త కళ్లజోడు మెచ్చుకుంటున్నాను. మీదే అనుకోండన్నారాయన.