నల్లపెట్టె బండిమీద రేపల్లె పెళ్ళికి

తొంభైల మొదట్లో ఒక మాఘమాసపు ఆదివారం, తెల్లవారుజామున ఐదుంబావుకి మా బావా నేనూ రెండు పాత మోటారు సైకిళ్ళ మీద తెనాలి నుంచి బయల్దేరాం. మా అక్క మొగుడైన ఈ బావ పురోహితుడు. ఆ రోజు ఆయన బాపట్లలో ఏడున్నరకి గృహప్రవేశం, రేపల్లెలో పది నలభై రెండుకి పెళ్ళి చేయించాలి. నేను బళ్ళో సైన్సు మాస్టార్ని. అక్కడ నాకే పనీ లేదు. మా మధ్య ఏడాదిగా నలుగుతున్న తగువు తేల్చుకోవడానికి వెళ్ళాను.

తగువు ఇది. నా బండిలో పాయింట్లు ఉండేవి: తెరుచుకుంటూ మూసుకుంటూ ఇంజనుకు నిప్పురవ్వ అందించే రెండు చిన్న బిళ్ళలు. బావ తన బండిలో వాటిని పీకించి, అదే పని చేసే ఎలక్ట్రానిక్ నల్లపెట్టె పెట్టించాడు. వేదం తరవాత ఆయన దాన్నే నమ్మేవాడు.

పొన్నూరు దాటగానే నా బండి దగ్గి ఆగింది. పాయింట్లకు మసి పట్టింది. గరుకు కాగితంతో రుద్దుతుంటే బావ బండి దిగకుండానే, "ఏరా, దానికి రోజూ సంధ్యావందనం చేయించాలా? నా బండి మూత ముట్టుకుని ఆర్నెల్లయింది" అన్నాడు. పది నిమిషాల్లో కదిలాం.

గృహప్రవేశం సలక్షణంగా జరిగింది. బాపట్ల బస్టాండు పక్క హోటల్లో నేను ఇడ్లీ తిన్నాను, బావ కాఫీతో సరిపెట్టుకున్నాడు. అల్లప్పచ్చడి కోసం వెళ్ళేవారు తొమ్మిదిలోపే వెళ్ళాలి. తరవాత నీళ్ళు కలిపేస్తారు.

తొమ్మిదికి రేపల్లె దారి పట్టాం. చందోలు దగ్గర బావ బండి ఉన్నట్టుండి మూగబోయింది. కిక్కులు కొట్టీ కొట్టీ ఆయన గోచీ ఊడింది. నల్లపెట్టెకు విప్పడానికి ఒక్క మర కూడా లేదు.

"ఇప్పుడేం చెయ్యాలి బావా?"

"కొత్తది కొనాలి."

"ఎక్కడ?"

"గుంటూర్లో."

బండిని టీ బంకు ఆయనకి అప్పగించి బావ నా వెనక ఎక్కాడు. చెరుకుపల్లి దాకా పాయింట్ల మహిమ మీద ఉపన్యాసమిచ్చాను. ఊరు దాటిన రెండో కిలోమీటరులో నా బండీ ఆగింది. ఈసారి బిళ్ళల మధ్య సందు పూడిపోయింది. టైము పదీ పది.

బావ వెటకారం చెయ్యలేదు. "పిల్ల గౌరీపూజ దగ్గర కూర్చుని ఉంటుందిరా. నేను తప్ప మంత్రం చెప్పేవాడు లేడక్కడ" అన్నాడు. నా ఉపన్యాసం తలుచుకుని సిగ్గేసింది.

అంతలో బాపట్లలో చేపలు దించి రేపల్లె మీదుగా నిజాంపట్నం తిరిగి పోతున్న వ్యాను ఆగింది. "ఏంటండి పంతులుగారూ, ఏమైందండి?" అన్నాడు డ్రైవరు. పాయింట్ల సంగతీ పెట్టె సంగతీ చెప్పాను. అతను పడీపడీ నవ్వాడు. "నాది డీజిలండి. దీనికి నిప్పురవ్వే అక్కర్లేదు. ఎక్కండి బాబాయిగారూ!"

ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. బావ వ్యాను వెనకభాగంలో ఉన్న ఖాళీ చేపల బుట్టలకేసి చూశాడు, గడియారంకేసి చూశాడు, పంచె ఎగ్గట్టి బుట్టల్లోకి ఎక్కేశాడు.

నేను జేబులో ఉన్న పెళ్ళి శుభలేఖ అంచునే కొలతగా బిళ్ళల మధ్య దూర్చి సందు సరిచేసుకుని పందిరి చేరేసరికి పదకొండయింది. తాళి ముహూర్తానికే పడిందట. పెళ్ళికూతురి నాయనమ్మ ముక్కు మూసుకుని, "ఏంటి నాయనా ఈ వాసన?" అంటోంది.

"సముద్రపు గాలమ్మా. ఇవాళ ఇటు తిరిగింది" అన్నాడు బావ, తలెత్తకుండా.

భోజనాలయ్యాక మూడింటికి తిరుగు ప్రయాణం. చందోల్లో బావ ఊరికే ఒక కిక్కు కొట్టాడు. బండి స్టార్టయింది! వేడికి మొరాయించిన పెట్టె చల్లబడ్డాక దారికొచ్చింది. ఆయన నాకేసి చూశాడు. నేను రోడ్డుకేసి చూశాను.

ఆ దారిన వెళ్ళేవారు గరుకు కాగితమూ పట్టుకెళ్ళండి, ఇంకో నల్లపెట్టె కూడా పట్టుకెళ్ళండి. పెళ్ళి చేయించేది మీరే అయితే మాత్రం బస్సెక్కండి.

తెనాలి పొలిమేరల్లో బావ బండిని నా పక్కకి తెచ్చి, "తప్పు పాయింట్లదీ కాదు, పెట్టెదీ కాదురా" అన్నాడు.

"మరి?"

"ఊరందరికీ ముహూర్తాలు పెడతానా... పొద్దున మనం బయల్దేరింది వర్జ్యంలో. చూసుకోలేదు. మీ అక్కకి చెప్పకు."