కోటింటి బురుజులో మా అక్క

ఇల్లు చప్పుడు చేస్తే దానికో కారణం ఉంటుందని నమ్మే మనిషిని నేను. సూర్యాపేటలో ఇళ్లకు ప్లాన్లు గీయడం నా పని. పదహారేళ్లుగా అదే చేస్తున్నాను. “సార్, మా ఇంట్ల పైన ఎవరో నడుస్తున్నట్టు ఉంటది” అని పిలిచినవాళ్ల ఇళ్లకు వెళ్లి చూశాను. ఒకచోట వదులైన రేకు, ఒకచోట పావురాలు, ఇంకోచోట గాలి పట్టిన నీళ్ల పైపు. దయ్యం మాత్రం ఎక్కడా దొరకలేదు. అందుకే ఇది రాయడానికి రెండేళ్లు వెనకాడాను.

మా పద్మక్క నాకంటే పదకొండేళ్లు పెద్దది. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. అప్పటినుంచి నన్ను పెంచింది అక్కే. కోదాడలో కిరాయి ఇంట్లో ఉంటూ నడిగూడెం వైపు ఒక ఊరి బడిలో టీచరుగా చేస్తుంది. బావ మిర్యాలగూడలో రైస్ మిల్లు సూపర్‌వైజరు.

అక్క రోజూ బస్సులోంచి ఒక ఇంటిని చూసేది. పొలాల మధ్య, రోడ్డుకు కాస్త ఎడంగా ఉంటుంది. చుట్టుపక్కల వాళ్లు దాన్ని కోటిల్లు అంటారు. ఒక ఇటుక బట్టీ యజమాని తన బట్టీలో కాల్చిన ఇటుకతోనే కట్టించుకున్నాడు. ప్లాస్టరింగ్ లేదు, రంగు లేదు, అంతా ఎర్రటి ఇటుకే. ముందు వైపు రెండు గుండ్రటి బురుజులు, వాటి మీద కోటగోడకు ఉన్నట్టు పళ్లు పళ్లుగా పిట్టగోడ. ఆ ఇల్లు అమ్మకానికి వచ్చిందని తెలియగానే అక్క నాకు ఫోన్ చేసింది.

“తమ్మీ, నువ్వొచ్చి ఒకసారి సూడు. నువ్వు బాగుందంటేనే ముందుకు పోత.”

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు వెళ్లాం. బావకు డ్యూటీ పడింది. ఇల్లు చూపించడానికి బ్రోకర్ సైదులు వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎక్కువ మాట్లాడడు. తాళం తీసి, తనకు ఫోన్ వస్తే గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

లోపల ఒక పెద్ద హాలు. హాలు మూల నుంచి కుడి బురుజులోకి ఒక తలుపు. తలుపు తీస్తే గుండ్రంగా తిరుగుతూ పైకి మెట్లు. పైన ఒక చిన్న గుండ్రటి గది. దానికి వాకిలి వైపు ఇనుప ఊచల కిటికీ ఒకటే. ఇంకో తలుపు లేదు, మిద్దె మీదికి దారి లేదు. ఎక్కాలన్నా దిగాలన్నా ఆ మెట్లే. ఎడమ బురుజులో నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ లేదు.

నేను హాలు కొలుస్తుంటే అక్క హ్యాండ్‌బ్యాగ్ వంటగది గట్టు మీద పెట్టి, “పైకి పోయి సూసొస్త” అని మెట్లెక్కింది. నేను ఆ తలుపుకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఈ సంగతి మళ్లీ మళ్లీ గుర్తు చేసుకున్నాను. ఆ తలుపు నా కళ్ల ముందే ఉంది.

ఐదు నిమిషాలకు పైనుంచి అక్క గొంతు వినిపించింది. “తమ్మీ, ఓసారి పైకి రా.”

మామూలుగానే పిలిచింది. కొలత టేపు చేత్తో పట్టుకునే ఎక్కాను. గది ఖాళీగా ఉంది. గడ్డకట్టిన సిమెంటు బస్తా ఒకటి గోడకు ఆనించి ఉంది, అంతే.

“నరేషూ, వింటలేవా?”

ఈసారి కింద నుంచి. నవ్వొచ్చింది నాకు. ఎలా దిగిందో అనుకుంటూ దిగాను. హాల్లో లేదు, వంటగదిలో లేదు. ఫోన్ చేస్తే గట్టు మీది బ్యాగులో మోగింది. అంతలో సైదులు లోపలికి వచ్చాడు.

“సార్, మేడం పైనుంచి పిలుస్తున్నది. జర పోయి సూడుండ్రి.”

ఇద్దరం ఎక్కాం. గదిలో ఎవరూ లేరు. కానీ గొంతు అక్కడే ఉంది. కిటికీకి ఎడమ పక్కన, నా ఛాతీ ఎత్తున, గోడలోంచి. ఆ గోడకు అవతల ఆకాశమే.

“గట్లనే నిలబడి సూస్తవేంది తమ్మీ. నాకు దారి దొరుకుతలేదు. పైకి రా.”

“అక్కా, ఇక్కడే ఉన్న. నీ పక్కనే ఉన్న” అని అరిచాను. గోడ మీద చెయ్యి పెట్టాను. ఇటుకలు ఎండకు వెచ్చగా ఉన్నాయి. సైదులు కూడా “మేడం, మేడం” అని పిలిచాడు. మా మాట ఆమెకు చేరడం లేదు. ఆమె మాట మాత్రం నాకు చెవిలో చెప్పినట్టు వినిపిస్తోంది.

కాసేపటికి ఆమె ఏడవడం మొదలుపెట్టింది. అమ్మ పోయిన రోజు కూడా నా ముందు ఏడవని మనిషి. సిమెంటు గడ్డ ఒకటి ఊడబెరికి గోడను కొట్టాను. గడ్డే పొడిపొడి అయింది. సైదులు పొలాల్లో ఉన్నవాళ్లను తీసుకొస్తానని పరుగెత్తాడు. నేను కిందికీ పైకీ ఇంకో రెండుసార్లు తిరిగాను. చివరికి దిగుతూ సగం మెట్ల మీద కూలబడ్డాను. అప్పటికి ఏడుపు ఆగిపోయింది. ఆగిపోయాక ఇంకా భయమేసింది.

అప్పుడు నా వెనక, పైమెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

నిమిషం కిందట ఖాళీగా చూసి వచ్చిన గదిలోంచి అక్క దిగి వస్తోంది. చేతులనిండా ఇటుక పొడి. కుడి చేతి రెండు గోళ్లు విరిగి నెత్తురు కారుతోంది. నన్ను దాటుకుని, నా వైపు చూడకుండా వాకిట్లోకి వెళ్లింది. వెంట పరుగెత్తాను.

“ఎందుకు రాలే?” అంది.

“వచ్చిన అక్కా. నాలుగుసార్లు ఎక్కిన.”

“అబద్ధం ఆడకు. కిటికీల నుంచి నేను సూస్తనే ఉన్న. గీడనే నిలబడ్డవ్. చేతులు కట్టుకొని నన్నే సూస్తున్నవ్. గొంతు పోయేదాక పిలిచిన.”

అప్పుడే ఇద్దరు కూలీలతో తిరిగొచ్చిన సైదులు ఆ మాట విన్నాడు. “సార్ నాతోనే ఉన్నడు మేడం, ఆ పైగదిల. ఇద్దరం పిలిచినం” అన్నాడు. తప్పు చేసినవాణ్ణి వెనకేసుకొచ్చే చుట్టాన్ని చూసినట్టు అక్క అతన్ని చూసింది. కారెక్కి కూర్చుంది.

తర్వాతి వారం నేనొక్కణ్ణే వెళ్లి బురుజును బయటా లోపలా కొలిచాను. గోడ మందం తొమ్మిది అంగుళాలు. మనిషి కాదు కదా, పిల్లి పట్టే సందు కూడా లేదు. ఇటుకల మీద గీతలు వెతికాను. ఒక్కటీ లేదు. ఊళ్లో అడిగాను. ఆ ఇంట్లో ఎవరూ చనిపోలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. యజమాని వ్యాపారం మార్చుకుని ఊరు మారాడు, అంతే. పోయినేడు ఎవరో కొనుక్కున్నారు. ఆ దారిన వెళ్తే కిటికీ ఊచలకు ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. వాళ్లు బాగానే ఉన్నారు.

అక్క నాతో మాట్లాడటం మానలేదు. పచ్చళ్లు పంపుతుంది, నా పిల్లల చదువు సంగతి అడుగుతుంది. బావకు ఆ రోజు సంగతి చెప్పలేదు. నన్నూ చెప్పొద్దంది. నేనున్నప్పుడు మాత్రం ఆమె గది తలుపు మూయదు.

ఈ రాఖీకి వెళ్లాను. రాఖీ కట్టి, నా చెయ్యి వదలకుండా అడిగింది.

“ఒక్కటి చెప్పు. ఆ రోజు నీకు నా మాట వినపడలేదు కదా? వినపడలే అను. నమ్ముత. ఇగ ఎన్నడూ అడగ.”

అంత తేలిక. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నన్ను పెంచిన మనిషి నా కళ్లలోకి చూస్తూ అడుగుతుంటే అబద్ధం నోట రాలేదు.

“వినపడింది అక్కా” అన్నాను. “అన్నీ వినపడ్డయ్.”

అక్క మెల్లగా నా చెయ్యి వదిలి వంటగదిలోకి వెళ్లింది. ఆ రోజు వాకిట్లో నిలబడింది ఎవరో నాకు తెలియదు. నేను కాదని ఆమెను నమ్మించే దారి ఇప్పటికీ దొరకలేదు.