తెర ఇవతల పైడమ్మ

మా వీధి చివరి గదిలో అద్దెకుండే పైడమ్మది సంతబొమ్మాళి దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. మొగుడు గుజరాత్ బోట్ల మీద పనికి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. పైడమ్మ పలాస వచ్చి రెండేళ్ళు జీడిపిక్కలు ఒలిచింది. 1999లో భార్గవి మేడం తన బ్యూటీ పార్లర్‌లో చేర్చుకుంది. దారంతో కనుబొమలు తీయడం పైడమ్మ ముందు తన కాలి వెంట్రుకల మీద నేర్చుకుంది, తర్వాత నా మొహం మీద. నెల్లాళ్ళు నాకు ఒక కనుబొమే ఉంది.

పొద్దస్తమానం నిలబడే పని. కూర్చుంటే మేడం ఊరుకోదు. ఇంటికొచ్చాక వాచిన పాదాలు వేడినీళ్ళలో పెట్టుకుని, గుమ్మంలో ఒక్కర్తే కూర్చునేది. నేను పక్కన చేరి అన్నీ అడిగేదాన్ని.

పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేసేటప్పుడు మేడం అడ్డంగా తెర లాగేసేదట. చూసి నేర్చుకుంటే పనిపిల్లలు సొంత షాపు పెట్టేస్తారని భయం. పైడమ్మ ఇవతల నిలబడి పిన్నులు అందించాలి. ఆ లోపలి పని నేర్చుకోవాలన్నదే ఆమెకున్న ఒక్క కోరిక.

అలా ఆరేళ్ళు గడిచాక, టెక్కలిలో కొత్త పార్లర్ పెట్టినావిడ కబురు పంపింది. వస్తే పెళ్ళిపని కూడా నేర్పుతానంది.

"ఎల్లవే, ఏటాలోసిత్తన్నావు?" అన్నాను.

"నాకు పని సూపినాది మేడమే కదత్తా. ఈ మాఘంలో తెర లోపలికి పిలుత్తానన్నాది. ఒగ్గీసి ఎలాగెల్తాను?"

"ఏటేటా అదే మాటంటన్నాది కదే."

నవ్వి, వేడినీళ్ళు పారబోయడానికి లేచింది.

మాఘం వచ్చింది. ఓ పెళ్ళికూతుర్ని ముస్తాబు చెయ్యాల్సిన రోజు పొద్దున్నే మేడం బాత్రూమ్‌లో జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. పెళ్ళికూతురు వచ్చి కుర్చీలో కూర్చునుంది. "నువ్వే చేసెయ్" అని ఆసుపత్రి నుంచి ఫోన్. పైడమ్మ మొదటిసారి లోపలి నుంచి తెర లాగింది. డబ్బాల మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. ఏది ముందు రాయాలో, ఏది తర్వాతో తెలియదు. గంట గడిచేసరికి పిల్ల మొహం ఒక రంగు, మెడ ఒక రంగు.

"ఏటమ్మా, బియ్యప్పిండి రాసినావా?" అని పెళ్ళికూతురి తల్లి ఆ మొహం కడిగించి, కారులో టెక్కలి పార్లర్‌కి తీసుకుపోయింది.

మేడం కట్టుకట్టిన చేత్తో వచ్చి, "ఆరేళ్ళు నా దగ్గరుండి ఇదేనా నేర్చుకున్నావు?" అంది.

మర్నాడు పార్లర్ తెరవకుండా బస్సెక్కి టెక్కలి వెళ్ళింది. అక్కడ అప్పటికే ఇంకో అమ్మాయిని పెట్టేసుకున్నారు. తిరిగొచ్చి గుమ్మంలో కూర్చుంటే, అడక్కుండా ఉండలేకపోయాను.

"మరి రేపేటి సేత్తావే?"

"తాళాలు నా కాడే ఉన్నాయత్తా. నేనెల్లకపోతే షట్టరెవరు తీత్తారు?" అని లేచి, లోపలికెళ్ళి తలుపేసుకుంది.