పాలివ్వడం జబ్బు కాదన్నారు

పురిటికి వచ్చిన మా అమ్మాయి సుజాత, కాన్పయిన మూడో వారంలో ఒక పొద్దున వణుకుతూ లేచింది. ఒళ్లు కాలిపోతోంది. ఎడమ రొమ్ము రాయిలా గట్టిపడింది. బిడ్డను ఆనించగానే కేక పెట్టింది.

"డబ్బా పాలు పట్టవే, ఏం మునిగిపోయింది?" అంది మా ఆడపడుచు. నేను వినలేదు. గుంటూరులోనే ఉంటాం కాబట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాం.

స్కానింగ్ చూసి డాక్టరమ్మ చెప్పారు: "మాస్టైటిస్, అంటే రొమ్ము వాపు, ముదిరి యాబ్సెస్ అయింది, చీముగడ్డ. చీము తీయాలి. పాలు మాత్రం ఆపొద్దు, ఆపితే మళ్లీ గడ్డ కడుతుంది."

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికొచ్చాక పాలు తీసే పంపు అద్దెకు తెచ్చాం. కట్టు మార్చడానికి, బిడ్డకు ఆ రొమ్ము మళ్లీ అలవాటు చేయడానికి నర్సు వచ్చేది. అల్లుడు చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు. మిల్లు ఇన్సూరెన్స్ ఉందని మా ధైర్యం.

క్లెయిమ్ తిరిగొచ్చింది. ఆ డబ్బు లేకపోతే పంపు, నర్సు రెండూ మానుకోవాలి. పాలు ఎండిపోతాయి.

"పాలివ్వడం జబ్బు కాదమ్మా. పురుడు పాలసీలో లేదు" అన్నాడు ఇన్సూరెన్స్ ఆఫీసులో ఆయన.

కాగితాలు తీసి చూశాను. పురుటి బిల్లులు, ఆపరేషన్ బిల్లులు, పంపు అద్దె అన్నీ కలిపి, పైన 'డెలివరీ' అని రాసి పంపాడు అల్లుడు. నా తమ్ముడి కొడుకే గనుక మొహమాటపడలేదు.

"ఏరా, తాలుకాయ, మేలుకాయ ఒకే బస్తాలో కుక్కితే మిర్చి యార్డులో ఎవడన్నా ధర కడతాడా?"

"అన్నీ సుజాతవే కదత్తా!"

"బస్తా కూడా ఒకే రైతుదేరా!"

నేను మిర్చి కొట్లో కాయలు ఏరుతూ లెక్కలు నేర్చుకున్నదాన్ని. పురుటి బిల్లులు పక్కకు తీసేశాను. అల్లుడి చేత పాలసీ చదివించాను. ఆస్పత్రి నుంచి వచ్చాక కూడా అదే జబ్బుకు కొన్నాళ్ల వైద్యం ఖర్చు ఇస్తామని అందులో ఉంది. యాబ్సెస్ మానడానికి పంపు, నర్సు అవసరమని డాక్టరమ్మ చేత రాయించాను. అవి పట్టుకుని మళ్లీ ఆ ఆఫీసాయన దగ్గరికే వెళ్లాను.

"పురుటి ఖర్చు మేమే పెట్టుకున్నాం సార్. ఇది చీముగడ్డ. ఇదన్నా జబ్బేనా?"

ఆయన నవ్వేశాడు. "జబ్బేనమ్మా. మొదటే ఇలా పెట్టాల్సింది. వస్తుంది, వెళ్లండి."

డబ్బు పంపు అద్దెతో సహా వచ్చింది. ఆయన మాట మీద పంపు, నర్సు మానుకోలేదు కాబట్టి, చెక్కు చేతికందేలోపే గాయం మానింది. ఒక మధ్యాహ్నం నర్సు గట్టిగా పిలిచింది: "పట్టాడు పిన్నిగారూ, రండి! గుటకలు వినపడుతున్నాయి!" సుజాత ఏడుస్తూ నవ్వుతోంది. మా ఆడపడుచు కూడా వంగి చూసి, "దొంగ వెధవ, ఎట్లా తాగుతున్నాడో!" అంది.

వాడిప్పుడు బడికి వెళ్తున్నాడు. వాడి చెల్లెలు తల్లి పాలతోనే పెరుగుతోంది. బాలింతకు ఇలాంటి జబ్బు చేస్తే, ప్రతి చీటీ మీదా ఆ జబ్బు పేరు రాయించుకున్నాకే ఆస్పత్రి గడప దాటండి.